అమ్మ తొలివేట

ఒట్టావా, మే 4

తమ్ముడు కుబ్లూకి అక్క లీటియా రాస్తున్న ఉత్తరం.

ఇది మీ వీధి చివరింటావిడ చేత పంపుతున్నాను. పంటి వైద్యానికి వచ్చి, ఉన్న పళ్లు కూడా ఇక్కడే వదిలేసి, రేపటి విమానంలో ఉత్తరాన మన తసియాలుక్ వస్తోంది. "చేతిలో ఫోన్ పెట్టుకుని ఈ ఉత్తరాలేంటి లీటియా, వెనక మనవాళ్లు క్షయ ఆసుపత్రుల్లో ఉన్న రోజుల్లోలాగ" అని బోసినోటితో నవ్వింది. ఫోన్‌లో నీ గొంతు వింటే నాకు ఏడుపొస్తుంది. నేను ఏడిస్తే నువ్వు గాలి ఎటు వీస్తోందో చెప్పడం మొదలుపెడతావు. ఉత్తరమైతే ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి, మళ్లీ రాసుకోవచ్చు.

ఇక్కడ చెట్లన్నీ చిగురించాయి. బాగుందని అందరూ అంటున్నారు. నాకు మాత్రం ఎటు చూసినా ఏదో అడ్డంగా నిలబడినట్టే ఉంటుంది. రెండు చలికాలాలుగా నా చూపు ఈ వీధి దాటి పోలేదు. వారానికి మూడు రోజులు ఆసుపత్రిలో, మన వైపు ఎక్కడా లేని యంత్రానికి కట్టేసి, ఒంట్లో రక్తమంతా బయటికి తీసి, కడిగి మళ్లీ లోపలికి పంపిస్తారు. మిగతా రోజులు ఆ అలసట తీర్చుకోవడానికే సరిపోతాయి. నా గదిలో ఉండే కౌనక్ పడమటి తీరం మనిషి, ఆమెకూ ఇదే జబ్బు. రాత్రి తను గురక పెట్టి, పొద్దున్నే లేచి నేను పెట్టానంటుంది.

తిండి సంగతి అడక్కు. మాంసం అరచేయంత. టీ రోజుకు రెండు చిన్న కప్పులు, ఎందుకంటే తాగిన నీళ్లు బయటికి పోయే దారి లేదు. మీకు ఊళ్లో వేటగాళ్ల బోర్డు ఉన్నట్టే ఇక్కడ నా నాలుక మీద ఒక బోర్డు కూర్చుంది. పోయిన వారం చర్చివాళ్లు ఎవరో పెంచిన దుప్పి మాంసం వండి తెచ్చారు. పాపం, మంచి మనుషులు. తడిసిన అట్టపెట్టె తిన్నట్టుంది. నవ్వుతూ తిన్నాను.

ఇక అసలు మాట. నీ కూతురు పాడ్లుక్ పుట్టిన రోజు తుపానులో నర్సు రాలేకపోతే బొడ్డు కోసింది నేను, తొలి చొక్కా తొడిగింది నేను. అందుకే దాని సనాజిని. అది వేటాడిన ప్రతి రకం జంతువులోనూ మొదటిది నాది. తొలి మంచుకోడి నాకే వచ్చింది, తొలి సీలు నాకే వచ్చింది. కారిబూ దుప్పి మాత్రం రాలేదు. మన రోజుల్లో పన్నెండేళ్లకే కొట్టేవాళ్లం. మందలు తగ్గాయని బోర్డు కొన్నేళ్లు వేటే మూసేసింది, ఇప్పుడేమో జంతువుకొకటి చొప్పున ఊరికి గుప్పెడు వేట ట్యాగులంటున్నారు. పిల్లకి పదహారు నిండాయి. మన అమ్మ పేరు పెట్టుకున్నాం కనుక అది నీకూ నాకూ అమ్మే. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా, అందుకే అడుగుతున్నాను. ఆ బోర్డులో కుర్చీ వేసుకుని కూర్చున్నది నువ్వే. అమ్మ తొలి కారిబూ నా చేతికందితే చాలు, నేను ఇంటికి వచ్చేస్తాను.

మరదలు రోదాకి, అమ్మకి ముక్కు ఆనించి ముద్దులు.

నీ అక్క లీటియా

*

తసియాలుక్, మే 27

అక్కా,

ఉత్తరం అందింది. బోసినోటావిడ దాన్ని నాకిచ్చే ముందే అందులో ఏముందో ఊహించి సగం ఊరికి చెప్పేసింది. నువ్వు ఇంటికి వచ్చేస్తానన్న మాట రోదాకి రెండుసార్లు చదివి వినిపించాను. అంటే డాక్టర్లు సరే అన్నారన్నమాట. కొత్త మూత్రపిండం దొరికిందా? అంత పెద్ద కబురు రాయకుండా దుప్పి మాంసం గురించి రాశావు, నీ పద్ధతే అంత. వెనక గదిలో పడవ మోటారు సామాన్లన్నీ తీసేశాను. గోడలకి రంగు వేయిస్తా. నీలమా, పసుపా, చెప్పు. దుకాణంలో ఆ రెండే ఉన్నాయి.

ఈ ఏడు నన్ను బోర్డుకి చైర్మన్‌ని చేశారు. గౌరవం అనుకోకు. ఊరి తిట్లన్నీ ఒక చోట పడాలి కదా, దానికో కుర్చీ. పోయిన వారం ప్రభుత్వం తరపున లెక్కలవాళ్లు వచ్చారు. విమానంలోంచి మందల్ని లెక్కపెట్టారట, పెరుగుతున్నాయి కానీ మెల్లిగా, అన్నారు. వెనక బెంచీ మీంచి ఇపీలీ లేచాడు. ఒకప్పుడు నీ కోసం మన ఇంటి చుట్టూ కుక్కల బండి అరగదీసినవాడే. ఇప్పుడు కళ్లకి పొర కమ్మింది, నోటికి మాత్రం ఏమీ కాలేదు. "కారిబూలు పోతాయి, వస్తాయి. మా తాత చెప్పాడు. ఇప్పుడు పోయాయంటే మీ విమానం మోతకే పోయుంటాయి" అన్నాడు. లెక్కల అమ్మాయి కూడా తగ్గలేదు. "మీ తాతగారి రోజుల్లో మంచు మీద నడిచే మోటారు బండ్లు లేవు కదండీ, అవి పోతే ఆయన వెంటపడి అందుకోలేకపోయాడు" అంది. ఎవరికి వాళ్లు పట్టిన కుందేటికి మూడే కాళ్లు. రెండు కెటిళ్ల టీ అయిపోయింది. చివరికి నేను, ఆడవాటిని వదిలేద్దాం, మగవాటినే కొడదాం, ట్యాగులు మాత్రం పోయినేడు కంటే కాసిని ఎక్కువ అడుగుదాం అన్నాను. రెండు వైపులా మొహాలు ముడుచుకున్నారు, కాబట్టి న్యాయంగానే ఉండి ఉంటుంది.

ఆ ట్యాగులు ఊళ్లో ఎవరికి దక్కుతాయో జులైలో తేలుతుంది. ఎప్పటిలాగే పేర్లు రాసిన చీటీలు ఐస్‌క్రీము డబ్బాలో వేసి, రేడియోలో ఊరంతా వింటుండగా తీస్తాం. అమ్మ పేరు తప్పకుండా వేస్తాను. "అత్త నీ కారిబూ కోసం కూర్చుంది" అని చెప్పగానే అది తుపాకి తీసి తుడవడం మొదలుపెట్టింది. రేపు పరీక్ష పెట్టుకుని ఇదేమిటి, పుస్తకం తియ్యి అంటే, "అమ్మతో మాట్లాడే పద్ధతి ఇదేనా" అంటుంది. పేరు పెట్టినందుకు అనుభవిస్తున్నాను.

గది తయారుగా ఉంటుంది.

తమ్ముడు కుబ్లు

*

ఒట్టావా, జూన్ 18

ఒరేయ్ కుబ్లూ,

గదికి రంగు వేయకు. నేనేమీ ఆ గదిలో ఏళ్ల తరబడి ఉండబోవడం లేదు. ఆ రంగేదో పడవకి వెయ్యి, వానలో తడిసేది అదే.

కొత్త మూత్రపిండం మాట ఎక్కడి నుంచి తెచ్చావు? నా వయసుకి, నా గుండెకి అది ఇవ్వరని మొదటి చలికాలమే చెప్పేశారు. నీకు చెప్పాననుకున్నాను. చెప్పలేదేమో. ఈ మధ్య ఏది పైకి అన్నానో, ఏది లోపలే అనుకున్నానో నాకే తెలియడం లేదు.

మొన్న కాస్త ఓపికుంటే కౌనక్‌తో నది ఒడ్డుకి వెళ్లాను. బలిసిన బాతులు గుంపులు గుంపులుగా గడ్డి మీద తిరుగుతున్నాయి. ఒకటి పిల్లల్ని వెంటేసుకుని రోడ్డు దాటుతుంటే కార్లన్నీ ఆగిపోయాయి. కౌనక్ దాని వెనకభాగం వంక చూసి, "ఇంత కొవ్వుని ఎవరూ ముట్టుకోరేంటే, వీళ్లకి బోర్డు లేదా" అంది. "వీళ్లకి మనలాంటి బోర్డు ఉంటే ఆ బాతు ఈపాటికి చారులో ఉండేది" అన్నాను. పక్కన బెంచీ మీద ఆయన ఎందుకో లేచి దూరంగా వెళ్లి కూర్చున్నాడు. ఇద్దరం నవ్వి నవ్వి, ఆయాసం వచ్చి, టాక్సీలో తిరిగి వచ్చాం.

నవ్వు ఆగాక ఇల్లు గుర్తొచ్చింది. చిన్నప్పుడు మన అమ్మ వెనకాల నడుస్తూ లోపలి సరస్సుకి వెళ్లేవాళ్లం, నువ్వు అలిగి రాయి మీద కూర్చుంటే నేను వెనక్కి వచ్చి ఎత్తుకునేదాన్ని. ఎండిన నాచు మంట మీద కాచిన టీ వాసన నీ జుట్టుకి పట్టి వారం పోయేది కాదు. అదంతా నాకు కావాలిరా. ఎంత కావాలో రాయడానికి మన లిపిలో అక్షరాలు చాలవు.

అమ్మ పేరు డబ్బాలో వేశావా? సెప్టెంబరు మగది కావాలి, వీపు మీద వేలి మందం కొవ్వు పట్టింది. ఎముకల్లో మూలుగ కావాలి. అది తిన్నాక ఇక్కడ నాకు పని లేదు. నర్సుకీ అదే చెప్పాను. "తొందరపడకండి, బాగా ఆలోచించుకోండి" అంది. రెండు చలికాలాలుగా ఆ కుర్చీలో పడుకుని ఆలోచించడం తప్ప నేను వేరే చేసిందేముంది.

నీ అక్క

*

తసియాలుక్, జులై 14

అక్కా,

అందరం బాగున్నాం. తీరంలో ఇంకా మంచు గడ్డలు తేలుతున్నాయి. తూర్పు గాలి.

డబ్బా తీశాం. ఈసారి మన ఇంటికి రాలేదు. ఇపీలీకి వచ్చింది ఒకటి, కళ్లు కనపడనివాడికి. రేడియో వింటూ ఊరంతా నవ్వింది.

వచ్చే ఏడు చూద్దాం. కారిబూలు ఎక్కడికీ పోవు, అమ్మ చిన్నది. నువ్వు మందులు సరిగ్గా వేసుకో. డాక్టర్లు చెప్పినట్టు విను. యంత్రానికి ఒక్క రోజు కూడా మానకు.

ఎండు చేపలు పంపుతున్నాను, ఉప్పు వేయలేదు. గదికి పసుపు రంగు వేసేశాను.

కుబ్లు

అత్తా, కింద రాస్తున్నది నేను, పాడ్లుక్‌ని. నాన్న ఉత్తరం ఇలా ఎందుకు రాశాడో నాకు తెలీదు. నాతో కూడా సరిగ్గా మాట్లాడట్లేదు. తుపాకి తుడిచే ఉంచాను.

*

ఒట్టావా, ఆగస్టు 8

చైర్మన్ గారికి,

ఈ వారం కాన్పు కోసం మన ఊరి పిల్ల ఒకతె ఇక్కడ దిగింది. నన్ను చూడటానికి వచ్చి, వచ్చీ రాగానే నిన్ను ఆకాశానికెత్తింది. "మీ తమ్ముడంత నికార్సైన మనిషి లేడు అత్తా. బోర్డులో ఉన్నవాళ్ల ఇళ్ల పేర్లు ఈ ఏడు డబ్బాలో పడకూడదని తనే తీర్మానం పెట్టాడు. ముందుగా తన కూతురి చీటీయే తీసి చింపేశాడు" అంది. నేను తల ఊపుతూ విన్నాను. ఆ పిల్ల వెళ్లాక నీ ఉత్తరం తీసి మళ్లీ చదివాను. 'ఈసారి మన ఇంటికి రాలేదు' అని రాశావు. వేయనిది ఎలా వస్తుంది?

నేను నిన్ను దొంగతనం చేయమన్నానా? వరస తప్పి ముందు నిలబడమన్నానా? ఊళ్లో అందరి పేర్లతో పాటు ఒక చీటీ. పడితే పడేది, లేకపోతే లేదు. అప్పుడు నేను అదృష్టాన్ని తిట్టుకునేదాన్ని, నిన్ను కాదు.

మంచి పేరు కావలసొచ్చిందా నీకు? తెచ్చుకో. నాన్న పోయినప్పుడు నీకు ఆరేళ్లు. నా నోటి దగ్గర ముక్క తీసి నీ నోట్లో పెట్టాను. లెక్క చెప్పడం లేదు, కోపంలో గుర్తొచ్చింది, రాసేశాను. కొట్టేయను, ఉండనీ.

వచ్చే ఏడు అంటావు. వచ్చే ఏడు మాట నాతో ఎవరూ అనడం లేదు ఇక్కడ, డాక్టర్లు కూడా. నీకు ఆ సంగతి తెలియదు కాబట్టి ఏమీ అనకూడదని నాకు నేను నచ్చజెప్పుకుంటున్నాను. అయినా కోపం తగ్గడం లేదు.

చేపలు కౌనక్ తింటోంది.

లీటియా

*

తసియాలుక్, ఆగస్టు 20

అక్కా,

నువ్వు తిట్టినంతా చదివాను. చెప్పనివ్వు.

పోయినేడు ట్యాగుల్లో చాలా భాగం బోర్డువాళ్ల ఇళ్లకే వచ్చాయి. ఒట్టి అదృష్టం, నేను కళ్లారా చూశాను. కానీ ఊరి నోరు మూయడం ఎవరి తరం? మేం మా చీటీల్ని ముందు రోజు ఫ్రీజర్‌లో పెట్టి, డబ్బాలో చెయ్యి పెట్టి చల్లగా తగిలినవాటిని తీస్తున్నామని పుట్టించారు. తసియాలుక్‌లో, చలికాలం గడప దాటితే ప్రపంచమంతా ఫ్రీజరే అయిన చోట. బోసినోటావిడ దుకాణంలో నా చెయ్యి పట్టుకుని చూసి, "అబ్బో, చల్లగానే ఉంది" అంది. నవ్వకు. ఊరు నమ్మకపోతే బోర్డు లేదు. బోర్డు లేకపోతే ఎవడికి దొరికింది వాడు కొడతాడు, ఇంకో పదేళ్లకి అమ్మ పిల్లలు కారిబూని బొమ్మల్లో చూస్తారు. అందుకే ఆ తీర్మానం. అంతే. వేరే ఏమీ లేదు.

'రాలేదు' అని రాయడం తప్పే. 'వేయలేదు' అని రాయడానికి చెయ్యి రాలేదు.

రోదా ఉత్తరం చదివి నాతో రెండు రోజులు మాట్లాడలేదు. అమ్మ పడవ దగ్గరే ఉంటోంది.

ఇపీలీ కంటి ఆపరేషన్‌కి ఒట్టావా వస్తున్నాడు. ఇది అతని చేతికిస్తున్నాను. అతను చెప్పేవన్నీ నమ్మకు, ముసలాడికి చూపు తగ్గాక ఊహలు ఎక్కువయ్యాయి.

యంత్రానికి మానకు.

కుబ్లు

*

ఒట్టావా, సెప్టెంబరు 2

కుబ్లూ, నా చిన్నోడా,

ఇపీలీ వచ్చాడు. ఒక కంటికి కట్టుతో నా మంచం ఎదుట కూర్చుని, రెండో కంటితో నన్ను చూసి, "నువ్వు ముసలిదానివైపోయావే" అన్నాడు. "నీకు ఇప్పుడే కనపడటం మొదలైంది, కంగారుపడకు" అన్నాను. నీ ఉత్తరం ఇచ్చాడు. నేను చదివి, ఊరి నోటికి జడిసి చేశాడట అంటే, అతను తల అడ్డంగా ఊపాడు.

"ఊరికి జడిసి కాదే. జులై మొదట్లో చుక్కల మందు కోసం ఆరోగ్య కేంద్రంలో బెంచీ మీద కూర్చున్నా. లోపల మీవాడు నర్సుని అడుగుతున్నాడు, మా అక్క మెషీన్ మానేసి ఇంటికొచ్చేస్తే ఎన్నాళ్లుంటుంది అని. రెండు వారాలు, ఒక్కోసారి అంతకూడా ఉండదు అందావిడ. బయటికొచ్చి నా పక్కనించే వెళ్లాడు, పలకరించలేదు. నాకు కనపడదనుకున్నాడేమో. పొర కళ్లకే గానీ చెవులకి కాదు కదా. ఆ మర్నాడే తీర్మానం పెట్టాడు."

అదా సంగతి. అమ్మ కారిబూని కొట్టకపోతే నేను ఇంటికి రాను, రాకపోతే యంత్రం మీద బతికే ఉంటాను. మందలు తగ్గితే వేట మూసేసినట్టు నా మీద కూడా వేట మూసేశావు. తీర్మానం ఊరికీ పనికొచ్చింది, నీకూ పనికొచ్చింది, కాబట్టి అబద్ధం కూడా ఆడలేదు. నీ తెలివి తెల్లారినట్టే ఉంది. మొదట నవ్వొచ్చింది. తర్వాత చాలాసేపు ఏడ్చాను. కౌనక్ తన వాటా టీ నాకిచ్చింది.

నీ మీద కోపం పోయింది. నా నోటి ముక్క గురించి రాసింది మరిచిపో. కానీ ఒకటి విను. కారిబూని చంపకుండా వదిలితే అది కొండల్లో తిరుగుతుంది, నాచు తింటుంది, దూడని ఈనుతుంది. నన్ను ఇక్కడ ఉంచి ఏం చేయిస్తున్నావు? మంగళవారం, గురువారం, శనివారం. మధ్యలో కిటికీ. నా మాట అర్థమయ్యేవాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు, వాళ్లని పెట్టెల్లో పెట్టి విమానం ఎక్కిస్తున్నారు. నాకు పెట్టెలో రావాలని లేదు. కూర్చుని, కిటికీలోంచి మన కొండలు చూస్తూ దిగాలని ఉంది. నేను చావడానికి రావడం లేదురా. ఇంటికి రావడానికి వస్తున్నాను. ఆ రెండూ ఒకేసారి జరుగుతాయి, అంతే.

ఇపీలీ తన ట్యాగు అమ్మకిస్తానంటున్నాడు. ఒక కంటితో గురి కుదరదట. "నన్ను చేసుకోమంటే నువ్వు ఒప్పుకోలేదు, నీ మేనకోడలైనా నా చేత్తో ఇచ్చింది పుచ్చుకోనీ" అన్నాడు. సిగ్గులేనివాడు. బోర్డు ఒప్పుకుంటే ట్యాగు చేతులు మారవచ్చట కదా, నువ్వు పెట్టిన రూలేనట. అతను సంతకం చేసిన కాగితం ఇందులో పెట్టాను. చింపాలనుకుంటే చింపు. కానీ ఈసారి అమ్మని అడిగి చింపు.

నీ అక్క

*

తసియాలుక్, సెప్టెంబరు 24

అక్కా,

కాగితం చింపలేదు. కొన్నాళ్లు జేబులో పెట్టుకుని తిరిగాను. బట్టలు ఉతకబోతూ రోదా దాన్ని తీసి, చదివి, నీ ఉత్తరం కూడా వెతికి చదివి, రెండూ అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ పడవ దగ్గరికి వచ్చింది. నేను మోటారు విప్పుతున్నాను. "కుబ్లూ, అది కింద పెట్టి ఇలా కూర్చో" అంది. నాన్నా అనలేదు. మన అమ్మ కోప్పడే ముందు ఎలా పిలిచేదో అలాగే పిలిచింది. నేను కూర్చున్నాను. "అత్తకి పెట్టాల్సింది నేను. అత్త ఎప్పుడు తినాలో నువ్వెలా చెప్తావు" అంది.

బోర్డు మీటింగు పెట్టాం. నా కూతురి సంగతి కనుక నేను గదిలో ఉండకూడదు. బయట మెట్ల మీద నిలబడ్డాను. వానా మంచూ కలిసి పడుతోంది. లోపల ఏం మాట్లాడుకుంటున్నారో వినపడలేదు. దేవుణ్ణి ఏమని వేడుకోవాలో కూడా తెలియలేదక్కా. ఒప్పుకుంటే నువ్వు పోతావు, ఒప్పుకోకపోతే నువ్వు రావు. తలుపు తీసి, "సరేనన్నాం, లోపలికి రా, తడుస్తున్నావు" అన్నారు.

పడవలో కొండల మధ్య సముద్రపు పాయ చివరిదాకా వెళ్లి, అక్కడి నుంచి లోపలికి నడిచాం, నేనూ అమ్మా. రెండో రోజు పెద్ద సరస్సు అవతలి గట్టున చిన్న గుంపు కనపడింది. ఆడవాటికీ కొమ్ములుంటాయి, అక్కడే చాలామంది పొరబడతారు. ముందున్నది బాగా దగ్గరికి వచ్చింది. నేనైతే కొట్టేసేవాణ్ణి. అమ్మ కొట్టలేదు. తడి నాచు మీద బోర్లా పడుకుని, అది పక్కకి తిరిగేదాకా చూసింది. ఆడది. వదిలేసింది. దాని వెనక వచ్చిన రెండోది ముసలి మగది, మెడ కింద తెల్లటి జూలు. ఒక్కటే దెబ్బ. దగ్గరికి వెళ్లి దాని నోట్లో కాసిని నీళ్లు పోసింది, మన అమ్మ చేసినట్టు. నేను నేర్పలేదు. నువ్వు నేర్పావా?

వీపు మీద కొవ్వు నువ్వు చెప్పిన మందమే ఉంది. అమ్మ ఒక్క ముక్క నోట్లో పెట్టుకోలేదు, నాకూ పెట్టలేదు. దారి పొడుగునా మాంసం మోస్తూ రొట్టె తిన్నాం. నాలుక, పక్కటెముకలు, వెనక కాలు, మూలుగ ఎముకలు గడ్డకట్టించి పెట్టెలో పంపుతున్నాం. మిగతాది నీ మాట కోసం ఫ్రీజర్‌లో ఉంది.

ఒక్క మాట అక్కా. అమ్మ ఇంకా ఎలుగుని కొట్టలేదు. తొలి ఎలుగు కూడా సనాజిదే. ఎలుగు ట్యాగులు మనకి ఎన్ని వస్తాయో నీకు తెలుసు, ఇంటి వంతు రావడానికి కొన్నేళ్లు పట్టవచ్చు. అంతవరకు ఉండొచ్చు కదా.

కుబ్లు

*

ఒట్టావా, అక్టోబరు 5

కుబ్లూ,

పెట్టె వచ్చింది. మూత తీయగానే గదంతా ఊరి వాసన. కౌనక్ తలుపు వేసేసింది, ఆ వాసన బయటికి పోకుండా.

మాంసం అరచేయంతే తినాలన్నారు కదా, చెయ్యి బాగా చాపి కొలుచుకున్నాను. యంత్రం దగ్గర కలిసే మనవాళ్లందరినీ పిలిచాం. నేల మీద అట్టలు పరిచి, గడ్డకట్టిన మాంసాన్ని పలచగా కోసుకుని, అలాగే పచ్చిగా తిన్నాం. ఉత్తరాదినుంచి వచ్చిన ముసలాయన ఒకాయన ఉన్నాడు, వేసవి మొదలైనప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు. ఒక ముక్క నమిలి, "ఇది దేని పక్కన మేసింది" అని అడిగాడు. పెద్ద సరస్సు అన్నాను. "నాచు బాగుంది అక్కడ" అన్నాడు, ఇంకో ముక్క తీసుకున్నాడు. మూలుగ నేను ఎవరికీ పెట్టలేదు. ఎముక పగలగొట్టి, ఒక్కదాన్నే కూర్చుని తిన్నాను. నా కడుపు నిండిందిరా. రెండేళ్ల తర్వాత నిండింది.

నోట్లో నీళ్లు పోయడం నేనూ నేర్పలేదు. అమ్మకి అమ్మే నేర్పుకుని ఉంటుంది.

మిగతా మాంసం పంచు. తల ఇపీలీకి, ట్యాగు అతనిది కనుక. భుజం బోసినోటావిడకి, రోదాని మెత్తగా ఉడికించి ఇమ్మను, నీ చేతులు చల్లగా ఉన్నాయని ఇంకెవరితోనూ అనకుండా. లెక్కల అమ్మాయి మళ్లీ వస్తే ఆమెకూ ఒక ముక్క పెట్టు, ఆమె లెక్కపెట్టినవాటిలో ఒకటి. అమ్మకి మాత్రం వద్దు. రెండోది కొట్టాక తింటుంది.

ఇక ఎలుగు. చిన్నప్పుడు పడుకోరా అంటే ఇంకో కథ చెప్పు, ఇంకొక్కటే అనేవాడివి. ఎలుగు కూడా అలాంటి ఇంకో కథే. అది అయ్యాక తిమింగలం అంటావు. అమ్మ తొలి ఎలుగు నాది, కనుక ఎవరికివ్వాలో నేనే చెప్తాను. అది నీది. నా బదులు నువ్వు చెయ్యి చాపి అందుకోవాలి, అందరి ముందూ అమ్మని పొగడాలి, ఏడవకూడదు. కొన్నేళ్లు పడుతుందన్నావుగా. కాబట్టి ఆ సిగరెట్లు తగ్గించు.

డాక్టరుకి చెప్పేశాను. ఆయన మంచివాడు, వాదించలేదు, నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. నెలాఖరు విమానానికి సీటు చూస్తున్నారు. కానీ పిలవని పేరంటానికి వెళ్లే అలవాటు నాకు లేదు. ఈ ఉత్తరాలన్నిట్లో నువ్వు గది తయారన్నావు, రంగు వేశానన్నావు, మానకు అన్నావు, ఉండు అన్నావు. రమ్మని ఒక్కసారీ రాయలేదు. ఆ ఒక్క మాట నీ చేతిరాతలో నాకు కావాలి. రాయలేకపోతే నేనే అర్థం చేసుకుంటాను. మంగళవారం వెళ్లి మళ్లీ ఆ కుర్చీలో పడుకుంటాను, నీ కోసం.

నీ అక్క

*

తసియాలుక్, అక్టోబరు 16

అక్కా,

నీ ఉత్తరం వచ్చాక చాలా కాగితాలు పాడుచేశాను. కూర్చుంటే రాయలేకపోయాను, అందుకని ముందు నోటితో అనడం నేర్చుకుందామని నిన్న రేడియోకి వెళ్లాను. మధ్యాహ్నం, అందరూ వినే వేళ. "మా అక్క లీటియా ఈ నెలాఖరుకి ఇంటికొస్తోంది. మెషీన్ మానేసి వస్తోంది. చూడాలనుకున్నవాళ్లు రండి, ఆలస్యం చెయ్యకండి" అన్నాను. రోదాతో కూడా ఆ మాట పైకి అనలేదు అంతవరకు. ముందుగా ఇపీలీ ఫోన్ చేసి, విమానం దగ్గరికి బండి తనే తెస్తానన్నాడు, తన కళ్లిప్పుడు నా కళ్లకంటే మేలట. అతని తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. ఎవరూ నన్ను ఓదార్చలేదు. నువ్వు ఏం తింటావని అడిగారు.

అమ్మ ఆ కారిబూ తోలు తనే గీకి ఆరబెట్టింది. వేళ్లన్నీ బొబ్బలెక్కాయి, నన్ను ముట్టుకోనివ్వలేదు. సెప్టెంబరు తోలు కదా, చలికాలపు దానంత మందంగా ఉండదు, మెత్తగా ఉంటుంది. నీ పక్క మీద పరిచింది. నీకు ఒంట్లో ఎముకలు తేలి ఉంటాయి, ఒత్తుకుంటుందేమోనని పొద్దున నేను దాని మీద కాసేపు పడుకుని చూశాను. ఒత్తుకోవడం లేదు.

రా అక్కా.

కుబ్లు